సద్దుల నాటి డ్యూటీ

ఆ రోజు తాను కళ్ళు మూసుకున్నది ప్రార్థనకా, భయానికా అన్నది యిర్మియాకు ఇన్నేళ్ళయినా తేలలేదు. బంతి ఎడమ కాలి ప్యాడుకు తగలడం నిజం. తగిలి పక్కకు పోవడం నిజం. ధన్‌బాద్‌లో జరిగిన బొగ్గు కంపెనీల హాకీ టోర్నమెంటు కప్పు ఆ ఒక్క దెబ్బతో తమ జట్టు చేతికి రావడమూ నిజమే, దాన్ని గోదావరిఖని తెచ్చి ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టారు కూడా. ఏటా డిసెంబరు ఆఖరున చర్చిలో సాక్ష్యాలు చెప్పుకునేటప్పుడు అతను లేచి నిలబడి, పెనాల్టీ స్ట్రోకుకు ముందు నేను కళ్ళు మూసుకుని ప్రార్థించాను, దేవుడే బంతిని నా కాలికి తాకించాడు అని చెబుతూ వచ్చాడు. సంఘం ఆమేన్ అంటూ వచ్చింది. కానీ చెప్పిన ప్రతిసారీ చెప్పులో చిన్న రాయి పడ్డట్టే ఉండేది, నడవనిస్తుంది కానీ మరిచిపోనివ్వదు. ప్రార్థన అంటే మాటలుండాలి కదా. ఆ క్షణాన మాటలేవీ లేవు. తండ్రీ అనలేదు, ప్రభువా అనలేదు. రెప్పల వెనక ఎర్రటి చీకటి ఒక్కటే ఉంది, ఆ తర్వాత మోకాలి కింద గట్టి దెబ్బ, ఆ తర్వాత అరుపులు. కళ్ళు తెరిచేసరికి బంతి ఎటు పోయిందో కూడా అతనికి కనిపించలేదు.

ఇప్పుడు మాత్రం కళ్ళు మూయడానికి లేదు. లింగమూర్తి మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆ మనిషి గొంతు కింది గుంట పైకీ కిందికీ ఆడటం చూస్తూ కూర్చోవాలి. ఆరేళ్ళ కింద పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పోయింది, మాట పోయింది, మింగడం కూడా సరిగ్గా రాదు. నోట్లో ఊరిన ఉమ్మి ఒక్కోసారి దారి తప్పి ఊపిరికి అడ్డం పడుతుంది. పక్కన మనిషి ఉంటే ఏమీ కాదు, ఒత్తిగిలబెట్టి నోరు తుడిస్తే సర్దుకుంటుంది. మనిషి లేకపోతేనే. అందుకే అతని భార్య కనకవ్వ ఆరేళ్ళుగా నల్లా దాకా, కిరాణం దాకా తప్ప ఇల్లు దాటలేదు. ఇవాళ సద్దుల బతుకమ్మ, పండగ ఆఖరి రోజు. పెట్టె అడుగున ఉన్న చీర తీసి కట్టుకుని, నిండుగా పేర్చిన బతుకమ్మను రెండు చేతులా ఎత్తుకుని, గడప దాటబోయి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"అన్నా, ఒక్క మాట. కన్ను మూయకు. మొన్న పక్కింటి మల్లక్కను కూసోవెట్టి నల్లకాడికి పోతె ఆమెకు కునుకు వట్టింది. నేనొచ్చేసరికి ఈయన మొఖం నల్లగై కాలు కొట్టుకుంటున్నడు. నీకు ప్రార్థన అలవాటాయె. ఇయ్యాల గా ప్రార్థనేదో కండ్లు తెరిచి చెయ్యి."

"నువ్వు పో చెల్లె. నేనున్న గద," అన్నాడు యిర్మియా.

నేనున్న గద. ఎన్నిసార్లు అన్నాడు ఈ మాట, ఈ మంచం మీది మనిషితోనే, గోలు ముందు నుంచి గొంతు చించుకుని. వదులు లింగన్నా, నేనున్న. లింగమూర్తి ఫుల్ బ్యాకు, యిర్మియాకు ముందు నిలబడేవాడు, అడ్డంగా, కోటగోడ మాదిరి. వదలమన్నా వదిలేవాడు కాదు. నువ్వున్నవ్ లేరా, అయినా నేనుంటె నీకేం నొప్పి అని వెనక్కి తిరగకుండానే అనేవాడు. ఆ వీపును యిర్మియా చూసినంతగా తన భార్య ముఖాన్నయినా చూసి ఉండడు. చెమటకు అంటుకున్న ఎర్ర జెర్సీ, దాని మీద తెల్లగా మూడో నంబరు, ఉతికి ఉతికి అంచులు లేచిన నంబరు. ఇప్పుడు ఆ వీపు దుప్పటి కింద ఎక్కడుందో తెలియనంత పల్చబడింది. రోజూ రెండుసార్లు కనకవ్వ దానికి పౌడరు అద్దుతుంది, పుండ్లు పడకుండా.

యిర్మియా తండ్రి గనిలో పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలిపే పని చేసేవాడు. మిషను బడిలో డ్రిల్లు మాస్టారు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి కాళ్ళకేసి బంతి కొట్టాడు. అందరూ ఎగిరి తప్పుకున్నారు. యిర్మియా తప్పుకోలేదు, మెదడు కాళ్ళకు చెప్పేలోపు బంతి వచ్చి తగిలింది. వీడు గోల్‌కీపరు అన్నాడు మాస్టారు. ధైర్యం అనుకున్నారు అందరూ. తనకు తెలుసు, అది నిదానం. తుమ్మకొమ్మ వంపు చూసి నరుక్కున్న కర్రతో మొదలైన ఆట, కంపెనీ ఉద్యోగం దాకా తీసుకొచ్చింది. పొద్దున ప్రాక్టీసు, తర్వాత పేరుకు సగం డ్యూటీ, టోర్నమెంటు ఉంటే అదీ లేదు. రైళ్ళు, రైలు పెట్టెలో ఎండిన జెర్సీల కంపు, కలకత్తా గ్రౌండులో గడ్డి ఎంత మెత్తగా ఉందంటే లింగమూర్తి బూట్లు విప్పి ఊరికే నడిచాడు. లింగమూర్తిది మొదట్లో వ్యవసాయం. ఊరి భూమి గనికి పోయింది, మనిషి కూడా దాని వెంటే గనికి పోయాడు. కట్టె పట్టుకోవడం మంద కాసేటప్పుడు నేర్చుకున్నానని గొప్పగా చెప్పేవాడు. ఒకసారి యిర్మియాను రాష్ట్ర జట్టుకు తీసుకున్నారు, ఆడించలేదు, బెంచీ మీద కూర్చోబెట్టి పంపారు. ఆ తర్వాత ప్లాస్టిక్ గడ్డి గ్రౌండులు వచ్చాయి. వాటి మీద బంతి ఎగరదు, పాములా పోతుంది. మొరం నేల మీద రాళ్ళ ఎగురును లెక్కేసి నేర్చుకున్న కాళ్ళకు ఆ సాపు నేల అర్థం కాలేదు. జట్టు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చెప్పలేరు. ఒక ఏడాది బంతులు రాలేదు, ఒక ఏడాది మేనేజరు రాలేదు. తన కట్టె ఇప్పుడు పెరట్లో దండేనికి ఊతగా ఉంది. భార్య యేసమ్మ తడి దుప్పట్లు వేసినప్పుడు అది వంగకుండా నిలబడుతుంది, ఆ మాటకొస్తే ఇన్నేళ్ళలో దానికి ఇంత నికరమైన పని ఎప్పుడూ లేదు.

గొంతు గుంట ఆడుతోంది. పైకీ, కిందికీ. ఎండ ముక్క గోడ మీద క్యాలెండరు దాకా పాకింది. ఐదు అయిందా? సైరను లేకపోతే ఎట్లా తెలుస్తుంది. సమ్మె మొదలై మూడు వారాలు దాటింది, తెలంగాణ వచ్చేదాకా బొగ్గు పెళ్ళ కదలదని గనులన్నీ పడుకున్నాయి. సైరను లేదు, ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు లేదు, బస్సు లేదు. పుట్టి బుద్ధెరిగాక ఇంత నిశ్శబ్దాన్ని యిర్మియా వినలేదు. గిన్నెల మీద నల్లటి దుమ్ము పడటం లేదని యేసమ్మ ఆశ్చర్యపోతోంది. ఈ నిశ్శబ్దంలో పాత హాకీ గ్రౌండు నుంచి బతుకమ్మ పాట స్పష్టంగా వినిపిస్తోంది, ముందు ఒక ముసలి గొంతు, వెనక వంద గొంతులు, చప్పట్లు. చప్పట్లు వలయంగా తిరుగుతున్నట్టు చెవికి కూడా తెలుస్తోంది. అవి ఎక్కడ తిరుగుతున్నాయో అతనికి తెలుసు. సరిగ్గా గోలు ముందు, సున్నంతో అర్ధచంద్రం గీసేచోట. గోలు స్తంభాలు ఎప్పుడో ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. ఆ ఆడవాళ్ళకు తెలియదు, పదేళ్ళకు పైగా ఆ అడుగు నేలను ఎవరినీ తొక్కనివ్వకుండా ఇద్దరు మొగవాళ్ళు ఎంత గోల చేశారో. ఇవాళ అందరూ తొక్కండమ్మా. కనకవ్వ గొంతు అందులో ఉందా? విడిగా వినిపించదు. ఆరేళ్ళ తర్వాత కాళ్ళు అడుగు తప్పుతాయేమో. తప్పవు, ఆటగాళ్ళ కాళ్ళు మరిచిపోవు.

ధన్‌బాద్ నుంచి వస్తున్న రైల్లో, అందరూ కప్పులో టీ పోసుకుని తాగుతూ అల్లరి చేస్తుంటే, లింగమూర్తి తనను తలుపు దగ్గరికి లాక్కుపోయి చెవిలో అడిగాడు. కండ్లు మూసినవ్ గదరా? స్ట్రోకు కొట్టేటప్పుడు మిగతా వాళ్ళంతా దూరంగా, ఇరవై ఐదు గజాల గీత అవతల నిలబడాలి. అక్కడి నుంచి కొట్టేవాడి వీపు కనపడుతుంది, ఎదురుగా గోల్‌కీపరు ముఖం కనపడుతుంది. అందరూ బంతినే చూశారు. లింగమూర్తి తనను చూశాడు. ప్రార్థన చేసిన అన్నాడు యిర్మియా. చేస్తె చేసినవ్ తియ్, గెలిచినం గద అన్నాడు అతను, వెంటనే మళ్ళీ, గని ఆ కొట్టినోడు గూడ బంతిని ముట్టి కండ్లకద్దుకునే కొట్టిండు, నీ దేవుడు నీ కాలు పట్టుకుంటె వాని దేవుడు యాడికి పోయిండురా అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పాస్టరు గారిని అడిగితే విశ్వాసం అన్నారు. అవతలివాడికీ విశ్వాసమే కదా అని అడగడానికి నోరు రాలేదు. లింగమూర్తి ఆ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు, కనకవ్వకు కూడా. తనతో మాత్రం వదిలిపెట్టేవాడు కాదు. తర్వాతి రోజుల్లో గనిలో డ్యూటీ మారేటప్పుడు, ఏంరా, కండ్లు మూసుకునే పంపు నడుపుతున్నవా అనేవాడు. ఒకసారి యిర్మియా నవ్వకుండా అడిగాడు, నువ్వు చూసినవ్ గద లింగన్నా, నిజం చెప్పు, నేను భయపడ్డనా అని.

"గంత దూరం నుంచి రెప్ప కనవడ్తది గని, రెప్ప లోపలున్నది కనవడ్తదా?" అన్నాడు లింగమూర్తి.

ఆట అయిపోయాక ఇద్దరినీ గని లోపల ఒకే పంపు మీద వేశారు. ఆడి అరిగిన కాళ్ళకు తేలికపాటి పని అని. గనిలో నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, వాటిని గుంటలోకి చేర్చి పైకి ఎత్తిపోయాలి. పంపు దగ్గర మనిషి ఒక్కడే, చుట్టూ చీకటి, టోపీ దీపం పడినంత మేర నల్లటి నీళ్ళు. గోల్‌కీపరు పని లాంటిదే. చేసినన్నాళ్ళూ ఎవరూ చూడరు, ఒక్కసారి తప్పితే అందరికీ తెలుస్తుంది. తన తర్వాత డ్యూటీకి వచ్చే మనిషిని రిలీవరు అంటారు, రిలీవరు వచ్చేదాకా పంపు వదిలి కదలకూడదు. సమ్మె అయినా ఆగకూడనిది పంపు ఒక్కటే. ఇప్పుడు కూడా, ఈ నిశ్శబ్దంలో కూడా, కింద ఎవరో ఒకరు దాని పక్కన కూర్చునే ఉంటారు, లేకపోతే తెలంగాణ వచ్చేనాటికి గనులు చెరువులైపోతాయి. లింగమూర్తికి తను రిలీవరు, తనకు లింగమూర్తి. వచ్చేవాడు మలుపు దగ్గరే నీళ్ళ పైపు మీద పానాతో రెండు దెబ్బలు వేసేవాడు. మోటరు రొదలో కేక వినపడదు, పైపు మీద దెబ్బ మాత్రం చేతికి తెలుస్తుంది. పంపు దగ్గరివాడు తిరిగి రెండు దెబ్బలు వేసేవాడు. విన్న, నువ్వొచ్చినవ్, ఇగ నేను పోత అని. అది రూలు కాదు, వాళ్ళిద్దరు పెట్టుకున్నది. క్రిస్మస్ రోజు యిర్మియా డ్యూటీ కూడా లింగమూర్తే చేసేవాడు, పొద్దున్నుంచి కూర్చున్నవాడు రెండో షిఫ్టు కూడా కూర్చుని. సద్దుల నాడు లింగమూర్తి డ్యూటీ యిర్మియా చేసేవాడు, అతను పొలాల వెంట పోయి పూలు కోసుకొచ్చి కనకవ్వతో చెరువు దాకా నడవడానికి. ఏటా ఇటొకటి, అటొకటి. ఎవరూ రాసుకోలేదు, ఎవరూ మరిచిపోలేదు.

ఆఖరి క్రిస్మస్ లింగమూర్తి చేసేశాడు. తర్వాతి సద్దులకు ఇంకా పది పదిహేను రోజులుందనగా ఒక మధ్యాహ్నం యిర్మియా మలుపు దగ్గర నిలబడి పైపు మీద రెండు దెబ్బలు వేశాడు. జవాబు రాలేదు. మళ్ళీ వేశాడు. మోటరు తిరుగుతూనే ఉంది, పైపు సన్నగా వణుకుతూనే ఉంది, అందుకే ముందు ఫికరు కాలేదు, ఆట పట్టిస్తున్నాడనుకున్నాడు. పంపు పక్కన లింగమూర్తి పక్కకు ఒరిగి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పానా ఎడమచేతిలో ఉంది, ఎత్తలేకపోయాడో, ఎత్తాలని తెలియలేదో.

అప్పటి నుంచి ఆ ఒక్క డ్యూటీ బాకీ ఉండిపోయింది. ఎవరూ అడగని బాకీ. సద్దుల నాడు యిర్మియాకు సెలవు దొరికేది కాదు, పండగ నాడు రిలీవరుగా ఎవరొస్తారు. ఒక ఏడు ఎట్లాగో దొరికించుకుని వస్తే కనకవ్వ ఒప్పుకోలేదు. అది మలమూత్రాల పని, నీతోని చేపిస్తనా అన్నా, నేను బతుకమ్మను గడపల వెట్టుకుంట, మల్లక్క తీస్కపోయి నీళ్ళల్ల ఇడుస్తది అంది. కూతురు జమున మంచిర్యాల నుంచి వస్తే ఆమెకైనా పెత్తనం అప్పగించేది కాదు. ఈ ఎండాకాలం యిర్మియా రిటైరయ్యాడు. ఇప్పుడిక తనకు షిఫ్టు లేదు, సమ్మె పుణ్యాన లోకానికీ లేదు, బస్సుల్లేక జమునా రాలేదు. నిన్న వచ్చి చెప్పాడు, రేపు నేను కూర్చుంట, ఇది నీకోసం కాదు చెల్లె, మా ఇద్దరి మధ్య లెక్క అని. కనకవ్వ చాలాసేపు మంచం వైపు చూసింది. పువ్వెవరు తెస్తరు అంది. అది ఒప్పుకోవడం.

పువ్వు తను తెచ్చాడు. తెల్లవారుతుండగా ఓపెన్‌కాస్టు మట్టిగుట్టల మీదికి పోయాడు. భూమి కడుపులోంచి తవ్వి పోసిన మట్టి, దాని మీద ఎవరూ విత్తకుండానే గునుగు తెల్లగా పూసి ఉంది, అంచుల్లో తంగేడు. సంచి నిండా కోసి, మిగిలింది తుండుగుడ్డలో మూటకట్టి నెత్తిన పెట్టుకుని వస్తుంటే చర్చి యువజన సంఘం యేసుకుమార్ బండి ఆపాడు. మూటను చూశాడు, తలను చూశాడు. వందనాలు తాతా అని మాత్రం అన్నాడు. ఆ అననిదే బరువు. సంఘపెద్ద నెత్తిన బతుకమ్మ పూలు. ఇంటికి రాగానే గుమ్మంలో నిలబడి యేసమ్మతో చెప్పాడు, ఇది తప్పేమోనని. ఆమె బియ్యం చెరుగుతోంది, చేట ఆపలేదు.

"మోసుడే పాపమైతె, యేసయ్యను మోసిన గాడిదకు ఏం గతి వట్టాలె? పో, పూలు వాడిపోతయ్," అంది.

యేసమ్మ అలా అంటుంది. చదివింది తక్కువ, తడబడేది ఇంకా తక్కువ. తనకే అన్నీ సందేహాలు. మొక్కిన చేతుల్ని దేవుడు చూస్తాడా, మోసిన చేతుల్ని చూస్తాడా. ఈ మంచం పక్కన కూర్చుని ఈ ఆరేళ్ళలో ఎన్నో ప్రార్థనలు చేశాడు, కళ్ళు గట్టిగా మూసుకుని, లింగమూర్తి చెయ్యి పట్టుకుని. లేవలేదు. లేపమని అడగడం మానేసి, బాధ తగ్గించమని అడిగాడు. తగ్గిందో లేదో చెప్పడానికి అతనికి మాట లేదు. ఇంతకూ లోపల ఎంత ఉంది? చూపు ఇంటికప్పు మీదే ఉంటుంది. కనకవ్వ మాత్రం, నాకు తెలుస్తది, అన్నీ ఇంటడు అంటుంది. ఇందాక లోపలికి వస్తూనే యిర్మియా పాత అలవాటు కొద్దీ మంచం ఇనుప పట్టీ మీద తాళంచెవితో రెండు దెబ్బలు వేశాడు. కనకవ్వ వింతగా చూసింది. లింగమూర్తి చూపు కప్పు మీది నుంచి కదల్లేదు. పైపు అవతల ఎవరూ లేనట్టే.

పాట వేగం పెరిగింది. చప్పట్లు దగ్గర దగ్గరగా పడుతున్నాయి. ఇక కాసేపట్లో బతుకమ్మలను ఎత్తుకుని కాలనీ వెనక చెరువుకు పోతారు. ఆ చెరువును చెరువు అనడమే గానీ అది వాన నీళ్ళతో నిండింది కాదు, గనిలోంచి ఎత్తిపోసిన నీళ్ళు కాలువ పట్టి వచ్చి అక్కడ చేరాయి. ఇన్నేళ్ళ నీళ్ళు. చీకట్లో, ఒంటరిగా, ఒకడి తర్వాత ఒకడు కూర్చుని తోడిన నీళ్ళు. కనకవ్వ ఇవాళ వదిలే పూలు వాటి మీదే తేలుతాయి. ఈ సంగతి లింగమూర్తికి చెప్పాలనిపించింది, చూసినవా లింగన్నా, మన పంపు నీళ్ళే అని. అతనే ఎప్పుడో తనకు చెప్పినట్టు కూడా అనిపించింది. ఎవరు ఎవరికి చెప్పారో. ఎండ ముక్క క్యాలెండరు దాటి పైకి పోయి పల్చబడింది, గదిలో గునుగు పూల పచ్చివాసన, తంగేడు ఆకు వాసన, పౌడరు వాసన, రైలు తలుపు దగ్గర గాలి, ఎర్ర జెర్సీ మీద మూడో నంబరు, గుంట, గొంతు గుంట ఏది? గుంట ఆడటం లేదు.

లేదు. లింగమూర్తి నోరు తెరుచుకుంది, లోపల నుంచి చిన్న బుడగ చప్పుడు వచ్చి ఆగిపోయింది. పెదవులు నీలిరంగుకు తిరుగుతున్నాయి. యిర్మియా లేచాడు, స్టూలు వెనక్కి పడింది. చేతులు వాటంతట అవే దగ్గరికి వస్తున్నాయి, రెప్పలు వాటంతట అవే బరువెక్కి దిగుతున్నాయి, అరవై ఏళ్ళ అలవాటు, గండం వస్తే కళ్ళు మూసుకోవడం, ఆ ఎర్రటి చీకటి మళ్ళీ అంచుల్లోంచి రావడం తెలుస్తోంది, ఏడు గజాల దూరంలో ఎవడో బంతి ముందు వంగి కళ్ళకద్దుకుంటున్నాడు. కన్ను మూయకు అన్నా. తెరిచాడు. లింగమూర్తి కళ్ళల్లోకే చూశాడు. భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి ఎడమ పక్కకు ఒత్తిగిలబెట్టాడు, ఎముకల మూట ఒక్కసారిగా తిరిగింది. తువ్వాలు చివర వేలికి చుట్టి నోట్లో పెట్టాడు, పళ్ళు కరిచాయి, కరవనీ, బుగ్గ లోపల నుంచి, నాలుక కింది నుంచి జిగురు జిగురుగా తీశాడు. వీపు మీద, రెండు భుజం చిప్పల మధ్య, మూడో నంబరు ఉండే చోట అరచేత్తో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. లింగన్నా. మళ్ళీ. పాట ఆగిపోయింది బయట, లేకపోతే తనకే వినిపించడం లేదు. మళ్ళీ. ఎక్కడో లోపల పైపులో అడ్డం పడ్డది కదిలినట్టు ఒక గురక వచ్చింది, దగ్గు వచ్చింది, దగ్గుతో పాటు అంతా తువ్వాలు మీద పడింది. ఊపిరి లోపలికి పోయిన చప్పుడు. ఇంకొకటి. గొంతు గుంట మళ్ళీ ఆడటం మొదలుపెట్టింది, ముందు తొందర తొందరగా, తర్వాత నెమ్మదిగా.

యిర్మియా నేల మీదే మోకాళ్ళ మీద ఉండిపోయాడు, మంచం పట్టీ పట్టుకుని. ఎప్పుడు మోకరించాడో తెలియదు. మోకాళ్ళ కింద తంగేడు ఆకులు. ఇప్పుడైనా మాటలున్నాయా అని వెతుక్కున్నాడు. లేవు. తండ్రీ అనలేదు, ప్రభువా అనలేదు. లింగన్నా అని ఒక్కటే. భయం మాత్రం ఉంది, ఇంకా దిగలేదు. మాటలు లేకపోవడం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. భయమూ ఒకటేనేమో. కళ్ళే వేరు. మరి ఇది ప్రార్థన కాదంటే దీన్ని ఏమనాలి, అయితే అదీ అంతేనా, లేక అదీ ఇదీ రెండూ కాదా, వచ్చే డిసెంబరులో లేచి నిలబడి ఏమని చెప్పాలి. భయపడ్డాను అని చెప్తే సంఘం ఆమేన్ అంటుందా. అనకపోయినా ఆ మాట ఒకసారి చెప్పి చూడాలి. తువ్వాలు మడిచి పక్కన పెట్టి, తడిగుడ్డతో లింగమూర్తి గడ్డం తుడిచాడు, దుప్పటి సర్దాడు, స్టూలు లేపి మళ్ళీ కూర్చున్నాడు. పైకీ, కిందికీ. గోడ మీద ఎండ పోయింది. వీధిలో ఆడవాళ్ళ మాటలు చెరువు వైపు నుంచి తిరిగి వస్తున్నాయి.

కనకవ్వ వచ్చేసరికి చీర అంచు మోకాళ్ళ దాకా తడిసి ఉంది, జడలో ఎవరు పెట్టారో ఒక బంతిపువ్వు. ఖాళీ తాంబాలం గోడకు ఆనించింది, అప్పుడే కడుక్కున్నట్టుంది ఆమె ముఖం. గడపలోనే నిలబడి మొదట మంచాన్ని చూసింది, తర్వాత మడిచిన తువ్వాలును చూసింది, తర్వాత యిర్మియా వేలి మీది పళ్ళగాట్లను చూసింది. ముఖంలోని పండుగ ఒక్క క్షణం ఆరిపోబోయింది.

యిర్మియా లేచి నిలబడి, పంపు అప్పగించేటప్పుడు చెప్పినట్టు చెప్పాడు. ఒక్కసారి అడ్డం పడ్డది, తీసిన. నీలం తిరిగింది, పోయింది. ఇప్పుడు ఊపిరి సాఫ్ ఆడుతుంది. ఎడమకు ఒత్తిగిలవెట్టిన, కాసేపు గట్లనే ఉండనియ్యి.

"కన్ను మూసినవా?" అంది కనకవ్వ.

"లేదు చెల్లె."

ఆమె తల ఊపి, మంచం మీద కూర్చుని భర్త నుదుటి మీద చెయ్యి వేసింది. నీళ్ళు మస్తుగున్నయ్, నా బతుకమ్మ మునగలే, నడిమిట్ల దాక పోయింది అని యిర్మియాకు చెబుతున్నట్టుగా లింగమూర్తికి చెప్పింది. ఎవరెవరు వచ్చారో, ఎవరి బతుకమ్మ ఎంత ఎత్తుందో, మల్లక్క పాట మధ్యలో మరిచిపోతే తనే ఎట్లా అందుకుందో చెప్పింది. తర్వాత గుర్తొచ్చి లేచి, వంటింట్లోంచి మూతపెట్టిన గిన్నె తెచ్చి యిర్మియా చేతిలో పెట్టింది. రొట్టె, బెల్లం కలిపి ముద్దకట్టిన మలీద, నువ్వుల సద్ది. బతుకమ్మ ముందర పెట్టకముందే మీకు వేరే తీసిన అన్నా, అక్కకు గూడ చెప్పు అంది. ఆమె ఎప్పుడూ అంతే, ఆరేళ్ళ ముందూ అంతే, లింగమూర్తి టిఫిను డబ్బాలో పంపినప్పుడు కూడా, దేవతకు పెట్టింది యిర్మియా వాళ్ళు తినరని, మొక్కకముందు తీసిందే పంపేది. యిర్మియా గిన్నె మూత తీసి అక్కడే నిలబడి ఒక ముద్ద తిన్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

చెప్పులు వేసుకుంటున్నాడు. ఒక కాలు దూరింది, రెండోది దొరకలేదు, గడప పక్క చీకట్లో కాలితో వెతుకుతున్నాడు. వెనక నుంచి ఇనుము మీద చిన్న చప్పుడు వచ్చింది. ఎడమ పక్కకు ఒత్తిగిలి ఉన్న లింగమూర్తి, మంచం పట్టీ మీద పడి ఉన్న ఎడమచేతి వేలి కణుపుతో కొట్టాడు. ఒకటి. చాలాసేపు ఏమీ లేదు. కనకవ్వ మాట ఆపి, ఏందయ్యా, ఏం కావాలె అని వంగింది. యిర్మియా కదలకుండా, ఒంటికాలి చెప్పుతో నిలబడ్డాడు.

రెండోది పడింది.

"ఏమంటున్నడన్నా?" అంది కనకవ్వ.

"నన్ను పొమ్మంటున్నడు," అన్నాడు యిర్మియా, రెండో చెప్పు వేసుకుని గడప దిగాడు.